బాపు గోటి పరీక్ష

మా బాపు గొర్రె నోరు తెరిచి చూశాడంటే ఇక ఆ మాటకు తిరుగులేదు. కోస్గి అంగట్లో మా ఊరివాళ్లు ఎవరు గొర్రెను కొన్నా ముందు బాపును పిలుస్తారు. ఎడమ చేత్తో దవడ పట్టుకుని, కుడి బొటనవేలితో కింది పెదవి మలిచి ఒక్క చూపు చూస్తాడు. "రెండు పండ్లది" అంటాడు, లేదంటే "నాలుగు పండ్లది" అంటాడు. "గిది ముసల్ది, ఇడిసిపెట్టు" అన్నాడా, అమ్మేవాడు ఎంత మొత్తుకున్నా బేరం అక్కడితో సరి.

గొర్రెకు పళ్లే వయసు, పళ్లే బతుకు. అవి ఊడితే గడ్డి కొరకలేదు, ఈనినా పిల్లకు పాలు చాలవు. అందుకని పళ్లు పోయిన గొర్రె మా మందలో నిలవదు, అంగడికి పోతుంది. ఈ విషయంలో బాపు దగ్గర మొహమాటం లేదు. చిన్నప్పుడు నేను చంకన ఎత్తుకుని పెంచిన గొర్రెను కూడా అట్లాగే తోలుకుపోయాడు. కోపంతో నేను రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట ఆకలేసి తిన్నాను కానీ, కోపం మాత్రం పోలేదు.

ఇంత పళ్ల పండితుడి ఇంట్లో కర్రె కుక్క నోరు మాత్రం ఎవరూ తెరిచి చూడలేదు. రాష్ట్రం వచ్చిన ఏడాది బాపు దాన్ని గొంగట్లో చుట్టుకుని తెచ్చాడు. గుప్పెడంత నల్ల కూన. అప్పటినుంచి ఏడేళ్లు మంద వెంటే తిరిగింది, బాపు ఎక్కడ కూర్చుంటే అక్కడ కూర్చుంది.

నేను మహబూబ్‌నగర్‌లో బడిలో పాఠాలు చెబుతాను. ఆదివారాలు ఇంటికి వెళ్తాను. అట్లా వెళ్లిన ఒక ఆదివారం అది సంతోషం పట్టలేక ఎగిరి నా మొహమంతా నాకింది. ఆ కంపుకు నాకు కళ్లు తిరిగాయి.

"దీని నోరు గింత గబ్బు కొడ్తాంటె మీకు వాసనే రాదా?" అని అరిచాను. ఇంటికి వెళ్లిన పది నిమిషాల్లో నేను దేనిమీదో ఒకదానిమీద అరవడం మామూలే కాబట్టి ఎవరూ అదరలేదు.

"కుక్క నోరు కుక్క నోరు లెక్కనే ఉంటది. మల్లెపూల వాసనొస్తదా?" అంది అమ్మ.

రొట్టె కూడా ఒక పక్కనే నములుతోందని చూపించాను. బాపుకు పౌరుషం వచ్చింది. గొర్రెను పట్టినట్టే దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కింది పెదవి మలిచి, ముందు పళ్లు చూశాడు. "బంగారమసొంటి పండ్లు. రేపే పెండ్లి జెయ్యొచ్చు" అని వదిలేశాడు. గొర్రెకు ముందు పళ్లు చూస్తే సరిపోతుంది. కుక్క బండారమంతా బుగ్గల వెనక ఉంటుందని ఆయనకు తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

అయినా నేను ఊరుకునే రకం కాదు. మర్నాడు సెలవు పెట్టి, బాపును, కుక్కను ఆటో ఎక్కించి కోస్గి పశువుల దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ కుక్క నోరు తెరవనే లేదు. వేలితో బుగ్గ పైకెత్తింది. లోపల పళ్లకు గోధుమరంగు గార పట్టి ఉంది. చిగుళ్లు ఎర్రగా వాచాయి. ఎడమవైపు నమిలే పెద్ద పన్ను సగానికి విరిగి ఉంది.

"బొక్కలు ఏస్తున్నరా పెద్దయ్యా?"

"ప్రతి ఐతారం" అన్నాడు బాపు గర్వంగా. "గిట్టలు గుడ."

ఆమె నెత్తి కొట్టుకోలేదు గానీ కొట్టుకున్నంత పని చేసింది. ఎముకలు, గిట్టలు, కొమ్ములు అన్నీ బంద్ అంది. కుడివైపు పెద్ద పన్ను ఒక్కటే గట్టిగా ఉందని చూపించింది. "గీ ఒక్క పన్ను కాపాడుకుంటే నమిలి తింటది. ఇది గుడ పోతే కష్టం." ముందు చిగుళ్లకు మందు వాడాలి. వాపు తగ్గాక, కుక్కల పళ్ల కోసమే అమ్మే నమిలే పుల్లలు రోజుకొకటి ఇవ్వాలి. దాని బరువుకు తగిన సైజు కొనాలి. తింటున్నంతసేపు పక్కనే ఉండాలి. పట్టిన గార వాటితో పోదు, దానికి పెద్ద దవాఖానలో మత్తిచ్చి శుభ్రం చేయించాలి. కొత్తగా పట్టకుండా మాత్రం కొంత ఆపుతాయి. లేచి వస్తుంటే ఇంకో మాట చెప్పింది.

"ఏది ఇచ్చినా ముందుగాల గోరుతోటి నొక్కి చూడుండ్రి. గోరు దిగాలె. దిగలేదంటె అది పన్నును ఇరగ్గొడ్తది."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, ఊరు దగ్గరపడ్డాక, "ఒక్క పన్నా?" అన్నాడు బాపు. అంగట్లో ముసలి గొర్రెను చూసినప్పుడు ఆయన గొంతు అట్లాగే ఉంటుంది. దీన్ని కూడా వదిలించుకుంటాడేమోనని భయపడ్డాను.

వాపు తగ్గాక పుల్లలు కొన్నాను. మొదటిసారి బుద్ధి లేక, ముద్దుగా ఉన్నాయని చిన్నవి తెచ్చాను. కర్రె కుక్క ఒకటి నోట్లో వేసుకుంది, మేం చూస్తుండగానే గుటుక్కుమనిపించింది, ఇంకోదాని కోసం కూర్చుంది. గొంతుకు అడ్డం పడుతుందేమోనని మా ముగ్గురికీ చెమటలు పట్టాయి. దానికేమీ కాలేదు. కానీ నమలకుండా మింగితే పళ్లకు ఒరిగేదేముంది? మళ్లీ వెళ్తే షాపతను బరువెంత అని అడిగాడు. ఫోన్ చేశాను. బాపు కుక్కను రెండు చేతులా ఎత్తి దించి, "పద్దెనిమిది కిలోలు" అన్నాడు. గొర్రెల్ని ఎత్తి ఎత్తి ఆయన చేతులే తరాజు అయిపోయాయి. ఈసారి పెద్దవి తెచ్చాను.

ఆ తర్వాత బాపును పట్టడం ఎవరితరం కాలేదు. పొద్దున మందను విడిచే ముందు కుక్క ఎదురుగా గొంతుకూర్చునేవాడు. పుల్ల ఒక కొస తను పట్టుకుని, రెండో కొస దాని నోటికి కుడివైపు అందించేవాడు. "నములు బిడ్డా, జర నిమ్మలంగ నములు" అని బతిమాలేవాడు. అమ్మకు ఒళ్లు మండింది.

"నేను తింటాంటె గిట్ల ఎన్నడన్న ముంగట కూసున్నవా?"

"నీకు పండ్లన్నీ ఉన్నయ్ గదనే" అన్నాడు బాపు, తల ఎత్తకుండానే.

నోటి కంపు కూడా తగ్గింది. పోలేదు, తగ్గింది. ఇంతలో మా బడిలో పరీక్షలొచ్చాయి. రెండు ఆదివారాలు నేను ఇంటికి వెళ్లలేదు. ప్యాకెట్ అయిపోయి ఉంటుందని గుర్తొచ్చి ఫోన్ చేశాను.

"ఫికర్ చెయ్యకు" అంది అమ్మ. "మీ బాపు ఇంట్లనే తయారు చేసిండు. గొర్రె గిట్ట ఎండబెట్టిండు."

"గిట్టనా? గిట్టలు వద్దన్నది గద డాక్టరమ్మ!"

"గవి పచ్చియి అన్నడు. గిది ఎండింది. గోరుతోటి నొక్కి చూసిండు, దిగింది."

దిగకేం చేస్తుంది! ఆ గోరును చూసినవాళ్లకు తెలుస్తుంది. ముళ్లు పీకీ పీకీ, గొర్రెలకు పట్టిన గోమార్లు గిల్లీ గిల్లీ, పగ్గాల ముడులు విప్పీ విప్పీ అది గోరు రూపమే మర్చిపోయింది. నూనె డబ్బా మూతలు లేపడానికి మా ఇంట్లో వేరే పనిముట్టు లేదు. దిద్దాల్సిన పేపర్లు సంచిలో కుక్కుకుని, దొరికిన బస్సెక్కాను.

వెళ్లగానే గిట్ట తీసుకుని నా గోటితో నొక్కాను. గోరు వెనక్కి మడతపడి నెత్తురొచ్చింది. బాపు నా చేతిలోంచి గిట్ట తీసుకుని తన గోరు ఆనించాడు. చంద్రవంకలాగా గుర్తు పడింది. "సూడు, దిగింది" అన్నాడు. ఆయన ముఖంలో తప్పు చేసిన ఛాయ కూడా లేదు.

"నీ గోరు దిగుతది బాపూ! నీ గోరు గోడల గుడ దిగుతది! ఆమె చెప్పింది మనుషుల గోరు సంగతి!"

అమ్మ పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. బాపు నవ్వలేదు. గిట్టను కింద పెట్టి, కర్రె కుక్కను పిలిచి, డాక్టరమ్మ చేసినట్టే కుడి బుగ్గ పైకెత్తి చాలాసేపు చూశాడు.

"తునిగింది" అన్నాడు.

పెద్ద పన్ను కొస ఒక మూల లేచిపోయి ఉంది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ దవాఖానకు వెళ్లాం. గిట్ట కుక్కకు ఎక్కడో దొరికిందని అబద్ధం చెబుదామని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఆమె అడగక ముందే బాపు బొటనవేలు చాపి చూపించాడు.

"తప్పు నాదే మేడం. గిది దిగింది, నమ్మిన."

ఆమె ఆ గోరును చూసి నవ్వాపుకుంది. తర్వాత పన్నును చాలాసేపు పరీక్షించింది. కొస మాత్రమే పోయిందని, పగులు లోపలిదాకా దిగలేదని చెప్పింది. "ఇప్పటికైతే ఫరవాలేదు. ముందుముందు ఎట్లుంటదో చెప్పలేను."

బాపు తల దించుకుని నిలబడ్డాడు. నాకు చంకన పెంచిన గొర్రె గుర్తొచ్చింది. కుక్కను నేనే మహబూబ్‌నగర్ తీసుకుపోతానన్న మాట నోటిదాకా వచ్చింది. మా కిరాయి ఇంటి ఓనరు కుక్కల్ని రానివ్వడు. ఆయనతో ఎట్లా కొట్లాడాలో కూడా మనసులో అనేసుకున్నాను.

బాపు కుక్క తల మీద చెయ్యి వేశాడు.

"మేడం, గిది గుడ పోతే రొట్టె ఎట్ల పెట్టాలె? నీళ్లల్ల నానబెడ్తె తింటదా, పాలు పొయ్యాల్నా?"

"ఉత్త నీళ్లు చాలు పెద్దయ్యా. మెత్తగ పిసికి పెట్టు."

"రోజుకు ఎన్నిమాట్లు పెట్టాలె?"

నేను కిటికీ వైపు తిరిగాను. ఇన్నేళ్లు దాచుకున్న కోపం వెతుక్కుంటే దొరకలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. ఆమె చెబుతూనే ఉంది, ఎంత పెట్టాలో, ఎంతసేపు నానాలో. బాపు నా భుజం తట్టాడు.

"రాసుకో బిడ్డా, నేను మర్చిపోత."

పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను ఒక్కటే ఉంది నా దగ్గర. దాంతోనే రాసుకున్నాను.