తోటలో పట్టు గౌను ఆవిడ

మొన్న ఈద్‌కి ఒక పేషెంటు తాలూకు వాళ్లు మా వార్డుకి చాక్లెట్ల డబ్బా పంపారు. మూత మీద తోట, అందులో పట్టు గౌను పరుచుకుని కూర్చున్న దొరసాని, ఆమె పాదాల దగ్గర వీణలాంటిదేదో పట్టుకున్న యువకుడు. నర్సులందరూ చాక్లెట్లు పంచుకుంటుంటే నేను ఆ మూతనే చూస్తూ ఉండిపోయాను. అచ్చం అలాంటి ఆడమనిషి మీద ఒకప్పుడు నెల రోజులు కుళ్లుకున్నాను.

అప్పట్లో మేం సౌదీలో, ఖోబర్ ఊళ్లో అల్ అజీజియా పేటలో ఉండేవాళ్లం. మా ఆయన ఒక హైదరాబాదు సాయిబు గారి ఫ్రేముల దుకాణంలో పనిచేసేవారు. ఒక సౌదీ ఆవిడ పారిస్ నుంచి తెచ్చుకున్న పెద్ద బొమ్మ అక్కడికి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రానికి నకలట. దారిలో దాని బంగారు ఫ్రేము విరిగింది. దాని నగిషీలోంచి రాలిన ఆకూ పువ్వూ అతికించి మెరుగు పెట్టడం మా ఆయన వంతు. ఆ పని మొదలయ్యాక అన్నం దగ్గర కూడా ఆయనకు పరధ్యానమే. ఒకరోజు ఆయన ఫోను చూస్తే నిండా ఆ బొమ్మే: పైట జారినట్టున్న భుజం, గులాబీరంగు మెడ, విడిచేసిన ఒంటి చెప్పు. నావి రెండే ఫోటోలు, రెండూ ఇఖామా కార్డు కోసం, అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కోసం దిగినవి. అందానికి కాదు నేను మండిపడింది. పన్నెండు గంటలు నిలబడి వచ్చి వాచిన కాళ్లను బకెట్టు నీళ్లలో పెట్టుకునేదాన్ని. ఆవిడ అలా ఊరికే కూర్చోవడం నాకు సహించలేదు. మూడు రోజులు మాటలు మానేసి, నాలుగో రోజు యూనిఫాంతోనే దుకాణానికి వెళ్లాను. సాయిబు గారు నమాజుకు వెళ్లారు. మా ఆయన స్టూలు మీద కూర్చుని, చేతిలో బ్రష్షయినా లేకుండా, బొమ్మను చూస్తున్నారు.

“ఏముందండీ ఆవిడలో అంత?” అన్నాను.

“ఆవిణ్ణి కాదే. కాళ్ల దగ్గర కూచున్నాడే, ఆణ్ణి చూత్తన్నాను,” అన్నారాయన. “పనీ పాటా లేదు, పొద్దస్తమానం పెళ్లాం పక్కనే. నాకు సెలవైన శుక్రవారం నీకు డ్యూటీ. ఆణ్ణి చూత్తే కుళ్లొత్తంది.”

“ఆవిడ వాడి పెళ్లామని మీకెవరు చెప్పారు?” అన్నాను. అంతలోనే నవ్వొచ్చేసింది.

ఒక కేరళ సిస్టరుకి నా సెలవు ఇచ్చేసి, ఆ శుక్రవారం డ్యూటీ మార్చుకున్నాను. సాయంత్రం కార్నిష్‌లో సముద్రం ఎదుట చాప పరుచుకున్నాం. పది నిమిషాలయ్యేసరికి ఏం చేయాలో ఇద్దరికీ తోచలేదు. నేను కమలాలు ఒలిచాను, ఆయన చాప అంచులు సర్దారు. తర్వాత నా కాలు తన ఒళ్లోకి తీసుకుని, పైన నా శాలువా కప్పి, మెల్లగా మడమ నొక్కసాగారు. ఎవరైనా చూస్తారని అన్నానే గాని కాలు వెనక్కి తీసుకోలేదు.

మర్నాడే ఆ బొమ్మ సొంతదారు ఇంటికి వెళ్లిపోయిందట. తర్వాత ఎన్ని శుక్రవారాలు వచ్చిపోయాయో, వాటిలో ఏం చేశామో అడిగితే చెప్పలేను. మేం ఏమీ చేయని ఆ ఒక్క గంటే నా వయసు లెక్కలో కలవకుండా విడిగా మిగిలిపోయింది.