బొటనవేలికి లొంగిన రెజిన్

ఈ మధ్య ప్రింటర్ మూత తీయాలంటేనే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ రెజిన్ వాసన, చేతులకు తొడుగులు, స్పిరిట్‌తో కడగడాలు! ఇరవై ఏళ్లకు పైగా మైనంతో పళ్ల ఫ్రేములు చేసినవాణ్ణి నేను. ఖమ్మంలో ఒక కిరాయి షట్టర్లో మా ల్యాబ్. కొన్ని పళ్లు ఊడి కొన్ని మిగిలినవాళ్లకు, ఆ మిగిలిన పళ్లను కొక్కేలతో పట్టుకుని నిలబడే లోహపు ఫ్రేము చేసివ్వడం మా పని. ముందు నోటి అచ్చు మీద మైనంతో ఆ ఆకారం చేసి, సుద్దలాంటి ముద్దలో పూడ్చి, బట్టీలో కాలుస్తాం. మైనం కాలిపోయిన ఖాళీలోకి కరిగిన లోహం పోస్తాం. మెడ ఒంగిపోయింది, చూపు తగ్గింది. అయినా అది చేతికి తెలిసిన పని.

చూపు తగ్గిందనే ఈ త్రీడీ ప్రింటర్ కొన్నాను. కంప్యూటర్లో ఆకారం గీస్తే, మైనం బదులు రెజిన్‌తో, అంటే వెలుతురు తగిలితే గట్టిపడే ఒక ప్లాస్టిక్ ద్రవంతో, అదే చేసిపెడుతుంది. బాగానే ఉంది, కానీ ఏ రెజిన్? అబ్బ, ఆ ఏడాదంతా ఆ ప్రశ్నే నా తల తినేసింది. మొదటి సీసాలోని రెజిన్ గట్టిది. ప్రింటు ముచ్చటగా వచ్చేది, బట్టీలో మాత్రం పూర్తిగా కాలక బూడిద మిగిలేది. లోహం నిండా గుంటలే. రెండోది శుభ్రంగా కాలేది గానీ, ప్రింటుకు ఆసరాగా ఉండే పుల్లలు తెంపుతుంటే సన్నటి కొక్కేలు పుటుక్కున విరిగేవి. మూడోది అమ్మేవాడు ఫోన్లో, "మైనం లెక్కనే మెత్తగుంటది సార్, మీకు అలవాటైందే గద" అన్నాడు. ఆ మాటకే పడిపోయాను.

నిజంగానే అది విరగలేదు. శుభ్రంగానే కాలింది. ప్రింటును అచ్చు మీద పెట్టి బొటనవేలితో ఒత్తితే వచ్చి అతుక్కునేది. మైనం పనివాళ్లందరికీ ఉన్న అలవాటే అది, ఏది చేసినా చివర్న ఒక ఒత్తు ఒత్తకపోతే మాకు పని అయినట్టే ఉండదు. హమ్మయ్య, ఇక గట్టెక్కాననుకున్నాను.

అప్పుడే టేకులపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన మనిషి. కింది దవడలో ముందు పళ్లు ఉన్నాయి, వెనక ఎడమవైపు ఒకే ఒక్క పన్ను మిగిలింది. మా వీధిలోనే క్లినిక్ ఉన్న డాక్టరమ్మ నా ఎదుటే ఆయనకు చెప్పింది, ఆ పన్ను ఉన్నన్నాళ్లే ఫ్రేము కదలకుండా నిలుస్తుందని, అది పోతే మళ్లీ పట్టు దొరకదని.

"జొన్నరొట్టె పాలల్ల నానవెట్టుకొని తింటున్న సార్. అదొక తిండేనా?" అన్నాడాయన నాతో.

ఆయన ఫ్రేము మూడో సీసాతోనే చేశాను. పోతపోసిన లోహపు ఫ్రేము నోట్లో పెట్టి చూసిన రోజు ఒకవైపు నొక్కితే రెండోవైపు వెంట్రుకవాసి లేచింది. "లేస్తున్నట్టుంది కదండీ?" అంది డాక్టరమ్మ. నేను బొటనవేలితో ఒత్తాను. కూర్చుంది. "అలవాటైతే సర్దుకుంటుంది మేడమ్" అన్నాను. మళ్లీ మొదట్నుంచి చేసే ఓపిక లేదు నాకు, ఉన్న మాట అదే.

"పెద్దాయనా, పొద్దుగాల పెట్టుకునేటప్పుడు బొటనేలితోని గట్టిగ ఒత్తున్రి. అదే కూసుంటది" అని చెప్పాను.

"అవ్ సార్, గట్లనే జేస్త" అన్నాడు. ఫ్రేముకు కట్టుడు పళ్లు అమర్చి ఇచ్చేశాం.

నెల తిరక్కముందే ఇంకొకరి ఫ్రేము కూడా అలాగే లేచింది. ఈసారి విసుగొచ్చి, ప్రింటును అచ్చు మీద ఊరికే పెట్టి చేయి తీసేసి చూశాను. ఒక కొన కింద కాగితం ముక్క దూరింది. ఒత్తితే దూరలేదు. వేలు తీస్తే మళ్లీ దూరింది. అప్పుడర్థమైంది. మైనం ఒత్తిన చోట అలాగే ఉండిపోతుంది. ఈ మెత్తటి రెజిన్ ప్రింటయ్యేటప్పుడే కాస్త వంకర పోతుంది, వేలి కింద సర్దుకున్నా వేలు తీయగానే మళ్లీ ఆ వంకరకే పోతుంది. ఆ వంకరే లోహంలోకి దిగుతుంది. లోహం వంగదు కాబట్టి, బలవంతంగా ఒత్తి పెట్టుకుంటే రోజంతా పన్నునే లాగుతూ ఉంటుంది. ఇన్నేళ్ల పనివాణ్ణి, ఈ మాత్రం తట్టలేదు నా బుర్రకు.

మళ్లీ మొదటి సీసాకే వెళ్లాను. బట్టీని మెల్లగా వేడెక్కించి, గంటల తరబడి అలాగే ఉంచితే బూడిద మిగలడం లేదు. రోజుకు ఒక్క ఫ్రేమే అవుతుంది, మధ్యలో కరెంటు పోతే అదీ లేదు. కానీ చేయి వేయకుండానే కూర్చుంటుంది. పెద్దాయన గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చాడు. ఫోన్ చేసి పిలిస్తే ఆయన రెండు బస్సులు మారి రావాలి, నేను అంతా మొదట్నుంచి చేయాలి, డాక్టరమ్మకు సంజాయిషీ చెప్పుకోవాలి. బాధ ఉంటే ఆయనే వస్తాడులే అనుకుని ఊరుకున్నాను.

మరో మూడు నెలలకు వచ్చాడు. డాక్టరమ్మ కబురు పెడితే వెళ్లాను. ఫ్రేము ఆయన చేతిలో ఉంది. ఎడమవైపు కొక్కెంలో ఆ పన్ను అలాగే ఇరుక్కుని ఉంది, వేరుతో సహా.

"ఏంది పెద్దాయనా, నొప్పి లేవలేదా?" అన్నాను. గద్దించినట్టున్న నా గొంతు మీద నాకే అసహ్యం వేసింది.

"ఎందుకు లెవ్వలే సార్? లేసినప్పుడల్లా ఇంకింత గట్టిగ ఒత్తిన. నేనే సక్కగ ఒత్తుతలేనేమో అనుకున్న."

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఇక దాచలేకపోయాను.

"తప్పు మీది కాదు, నాది. ఫ్రేమే వంకర. మీకిచ్చిన నెల లోపలనే నాకు తెలిసింది" అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఫ్రేమును రుమాలులో చుట్టుకున్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"నా నంబరు మీ కాడ లేకుండెనా సార్?"