నాయన పట్టిన స్టీరింగు

మా నాయన నంద్యాలలో ఒక డాక్టరమ్మ దగ్గర డ్రైవరు. ఆమె తెల్ల అంబాసిడర్‌ను ఇరవై ఏడేళ్లు నడిపాడు. ఆమె పోయాక పిల్లలు ఆ కారును తుక్కు కింద అమ్మేశారు. నాయన తుక్కు దుకాణానికి వెళ్లి, బతిమాలి, స్టీరింగు ఒక్కటి విప్పించుకుని సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని తెచ్చాడు. మీగడ రంగు చక్రం. కిందివైపు ఒకచోట పగిలితే ఆయనే జిగురు పెట్టి అతికించి, గరుకు కాగితంతో రుద్దాడు. కంటికి కనిపించదు గానీ వేలు పెడితే ఆ గీత తగులుతుంది.

ఆయన పోయిన తర్వాత అది మా ఇంట్లో మేకుకు వేలాడింది. నేను బడిపంతులుని. కొత్త కారు కొనే తాహతు లేదు, కొత్త కార్ల మీద మోజూ లేదు. ఆ స్టీరింగు బిగించిన పాత అంబాసిడర్ ఒకటి ఉంటే చాలనుకునేవాణ్ణి.

కాలేజీలో నాతో చదివిన స్నేహితుడు ఒకడు ఆళ్లగడ్డలో మెకానిక్ షెడ్డు నడుపుతాడు. వాళ్ల నాయన శిల్పి. పక్క కొట్టంలో ఇప్పుడు వాళ్ల అన్న విగ్రహాలు చెక్కుతాడు, అందుకే షెడ్డులో ప్రతి సామాను మీదా రాతిపొడి ఉండేది. డోన్ దగ్గర ఒక మిల్లులో మూలపడ్డ అంబాసిడర్‌ను నాకోసం వెతికిపెట్టింది వాడే. లోపల కోళ్లు గుడ్లు పెట్టేవి.

"ఇంజనుకు ప్రాణముండాదప్పా. బాడీ సంగతి నాకు ఇడిసిపెట్టు" అన్నాడు.

మోటారుసైకిలు ధరకే వచ్చింది. ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కాను. నేను తుప్పు గీకేవాణ్ణి, వాడు వెల్డింగు చేసేవాడు. ఒకే క్యారియర్లో అన్నం తినేవాళ్లం. తింటూ నాయన గురించి చెప్పేవాణ్ణి. చెప్పులు బయట విడిచి కారెక్కేవాడని, బాలింతలను దింపడానికి వెళ్లేటప్పుడు గుంతల దగ్గర నడక కంటే నెమ్మదిగా పోనిచ్చేవాడని, ఆస్పత్రి వీధిలో హారన్ ముట్టుకునేవాడు కాదని. వాడు ముద్ద చేతిలో పట్టుకుని వినేవాడు. మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకునేవాడు. మా ఇంట్లోవాళ్లే అంత ఓపికగా వినలేదు. వాడు వింటుంటే నాకు కడుపు నిండేది.

అన్నీ అయ్యాక స్టీరింగు తీసుకెళ్లి ఇచ్చాను. మరుసటి ఆదివారం వెళ్తే కారుకు నల్ల ప్లాస్టిక్ చక్రం ఉంది.

"బిగిస్తాంటే పగిలిపాయనప్పా. మూడు ముక్కలు" అన్నాడు.

"ముక్కలు యాడుండాయి?"

"తుక్కులో పోయినాయి. నీకు చూపియ్యలేకపోతి."

వాడి కళ్లు నిండాయి. నేనే వాడి భుజం మీద చెయ్యి వేసి, పాతదే కదా పోనీలే అన్నాను. ఆ కారులోనే ఇంటికొచ్చి, ఖాళీ మేకును కూడా పీకేశాను.

పోయిన వేసవిలో నంద్యాలలో, తోటి ఉపాధ్యాయుడి కూతురి పెళ్లికి వెళ్లాను. పెళ్లికొడుకు మెరూన్ రంగు అంబాసిడర్లో దిగాడు. పాత కార్ల పిచ్చి ఉన్నవాణ్ణి, భోజనానికి వెళ్లకుండా కారు దగ్గరికి నడిచాను. పక్కనే దాని యజమాని నిలబడి ఉన్నాడు. ఎరువుల వ్యాపారం చేసే పెద్దమనిషి.

"కూసోండి సార్, చూడండి" అన్నాడు మురిపెంగా.

కూర్చున్నాను. మీగడ రంగు స్టీరింగు. చెయ్యి దానంతటదే కిందికి జారింది. గీత వేలికి తగిలింది.

"ఆ స్టీరింగుకు ఒక కథ ఉండాది సార్" అన్నాడాయన. "ఈ కారు చేసిచ్చిన ఆళ్లగడ్డ మెకానిక్కు వాళ్ల నాయనదంట. ఒక డాక్టరమ్మ కాడ డ్రైవరంట. చెప్పులు బయట ఇడిసి కారెక్కేటోడంట. బాలింతలుంటే నడిసినట్టు పోనిచ్చేటోడంట. అది ఇన్నాకనే నేను ఈ కారు తీసుకుంటి."

"ఆయన మా నాయన" అన్నాను.

"ఆ మెకానిక్కూ ఇదే చెప్పె, మీరూ ఇదే చెప్తాండారు. నేనెవర్ని నమ్మాల సార్?" మెత్తగానే అడిగాడాయన. నాయనవి రెండు ఫొటోలు ఉన్నాయి, రెంటిలోనూ కారు లేదు. దిగిపోయాను. అక్షింతలు కూడా వేయకుండా ఇంటికొచ్చాను.

మర్నాడు ఆళ్లగడ్డ వెళ్లాను. వాడు జీపు కింద పడుకుని ఉన్నాడు. మెరూన్ కారు చూశానని చెప్పాను. నెమ్మదిగా బయటికి వచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

"ఆయప్ప మీగడ రంగు చక్రమే కావాలనె. నీకు ఏదైనా ఒకటేలే అనుకుంటి."

"స్టీరింగు సంగతి కాదు. మా నాయన్ని మీ నాయనని ఎందుకు చెప్పినావ్?"

"కథ చెప్తే గానీ ఆయప్ప మనసు పడలేదు. మా నాయన రాయి కొట్టినాడు. రాయి కొట్టినోని కథ కారుకు పనికొస్తాదా?"

"మరి ఆ పొద్దు ఎందుకేడ్చినావ్?"

"అది నిజంగానే వచ్చిందప్పా" అన్నాడు.

నమ్మాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగొచ్చేటప్పుడు దారిలో శిరివెళ్ల దాటేదాకా ఒకటే ఆలోచన: అన్నం తింటూ వాడు అన్నిసార్లు అడిగి చెప్పించుకున్నది నాకోసమా, లేక అప్పటికే మనసులో వేరే లెక్క ఉండిందా? చక్రం పోతే పోయింది. కానీ నాయన గురించి ఎవరికి ఏం చెప్పబోయినా, ఆ పెద్దమనిషి గొంతులో విన్నట్టే ఉంటోంది. మా పిల్లలకు కూడా చెప్పడం మానేశాను.

కారును మాత్రం అమ్మలేదు. వాడు చేసిన ఇంజను చలికాలంలో కూడా ఒక్క తిప్పుకే అందుకుంటుంది. అది నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

రెండు నెలలకు వాడు ఫోన్ చేశాడు.

"బండి నడుస్తాందా?"

"నడుస్తాంది."

"ఆయిలు మార్చే టైమాయ. ఆదివారం రా."

"ఈడనే మార్పించినా" అన్నాను.

అవతల ఉలి దెబ్బలు వినిపిస్తున్నాయి. "మంచిదప్పా" అని వాడే ఫోన్ పెట్టేశాడు.