రెండోసారి వెళ్లిన ఇల్లు

నిన్న పొద్దున బస్సు ఇబ్రహీంపట్నం దాటుతుండగా అమ్మ ఫోన్.

"చిన్నమ్మమ్మ పోయిందే" అంది.

"ఎవరి చిన్నమ్మమ్మ?" అని అడిగాను. నాకున్నది ఒక్కతే.

మీలో చాలామందికి తను సుగుణ మేడమ్. క్రిస్టియన్ యూనివర్సిటీలో సోషల్ వర్క్ పాఠాలు చెప్పి ఎప్పుడో రిటైరయింది. నాకు అమ్మమ్మ చెల్లెలు. తొంభై దాటిన మనిషి, షాక్ అనకూడదేమో. కానీ పోయిన ఆదివారమే నాతో పోట్లాడింది.

కొత్త బ్యాచ్ రాగానే టీచర్లందరూ అంతకుముందు ఏం పని చేశారో చెప్పుకోవడం వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో అలవాటు. ఒకాయన జైల్లో వెల్ఫేర్ ఆఫీసర్. ఒకావిడ మిషన్ ఆస్పత్రిలో నర్సు. ఇంకొకాయన జూట్ మిల్లులో లేబర్ ఆఫీసర్.

చిన్నమ్మమ్మ కూడా పెళ్లికి ముందు అనాథాశ్రమంలో ఉద్యోగం చేసింది. కానీ మొదలుపెట్టడం మాత్రం పంతొమ్మిది వందల నలభైల్లోని తన చిన్నతనంతోనే.

యుద్ధం రోజులు. కూచిపూడి దగ్గర వాళ్ల ఊరు. నూలు దొరక్క వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. సాయం చేసే సంఘం నుంచి ఒకావిడ వచ్చి, అరుగు మీద ఇరుగుపొరుగు అందరూ ఉండగా "ఇంట్లో తినడానికి ఉందా అమ్మా?" అని అడిగింది.

"మాకేం లోటండీ" అంది వాళ్లమ్మ. ఆ పూట పొయ్యి వెలగలేదు.

పదేళ్ల సుగుణ సందు చివరిదాకా పరిగెత్తి ఆవిడ కొంగు పట్టుకుంది. "రేపు మధ్యాహ్నం రండి. అప్పుడు అమ్మ ఒక్కతే ఉంటుంది."

ఆవిడ వచ్చింది. మంచినీళ్లు అడిగి తాగి, గడప దగ్గర కూర్చుంది. ఏమీ అడగలేదు. కాసేపటికి వాళ్లమ్మే అంతా చెప్పింది.

మర్నాడు ఇంటికి నూకలు వచ్చాయి.

"అదేనర్రా నా మొదటి ఉద్యోగం. జీతం నూకలు" అనేదట క్లాసులో.

నాకు ఈ సోమవారం లెక్చరర్ ఇంటర్వ్యూ. పోయిన ఆదివారం నా రెజ్యూమె తనకు చదివి వినిపించాను. మూడు ఎన్జీవోలు. మైలవరం సర్వే, కొల్లేరు సర్వే.

"బానే ఉందే. ఇందులో ఎవరింటికి రెండోసారి వెళ్లావు?"

"సర్వేకి ఒక్కసారే వెళ్తారు చిన్నమ్మమ్మా."

"పెళ్లిచూపులకే రెండోసారి వెళ్తున్నారు ఈ రోజుల్లో."

నాకు కోపం వచ్చింది. టీ తాగకుండా లేచాను. "వచ్చే ఆదివారం వచ్చి చెప్తాలే" అన్నాను.

"ఒక్క పేరు చెప్పు, చాలు" అంది.

నిన్న అంతా అయ్యాక తిరుగు బస్సులో ఆ పేరు గుర్తొచ్చింది.

నాగమణి గారు. కొల్లేరు ఒడ్డున చేపలు అమ్ముతారు. సర్వేలో అడిగితే వాకిట్లో అందరి ముందూ "మాకేం ఇబ్బంది లేదండీ" అన్నారు. తర్వాత పని మానుకుని నాతో బస్టాపు దాకా నడిచారు. బస్సు వచ్చేదాకా నిలబడ్డారు. నేను ఫోన్ చూసుకుంటూ ఉన్నాను.

రేపు ఆదివారం. మధ్యాహ్నానికి వాళ్లింటికి వెళ్తున్నాను. మంచినీళ్లు అడుగుతాను. సోమవారం సంగతి సోమవారం.

పేరు చెప్పేశాను చిన్నమ్మమ్మా. ఇక ఏ చింతా లేకుండా పడుకో.