వీధి పలకలు తోమే డె వ్రీస్

సీట్సె డె వ్రీస్‌కి అరవై మూడేళ్ళు. మోకాళ్ళు మొరాయిస్తున్నా ప్రతి గురువారం సైకిలుకి నిచ్చెన కట్టుకుని వచ్చి, ఆ పేటలోని వీధి పేర్ల పలకలన్నీ నాచు వదిలేదాకా తోముతాడు. వాటిలో మూడింటి మీద ఉన్నది అతని ఇంటిపేరే. ఆ పేర్లవాళ్ళలో ఒకాయన పండితుడు, ఒకాయన కొత్త తీరాలు వెతికిన నావికుడు, ఇంకొకాయన శాస్త్రవేత్త. అయినా ఆ మూడింటినీ మిగతావాటికంటే ఒక్క రుద్దు కూడా ఎక్కువ రుద్దడు. మొన్న జోరువానలోనూ నిచ్చెన ఎక్కితే, ఎదురింటి యాంకె గొడుగు వేసుకుని వచ్చి నవ్వింది.

"దిగవయ్యా సీట్సే, జారిపడతావ్! ఇంతకీ ఈ ముగ్గురిలో మీ తాత ఎవరు?"

"ఎవరూ కాదు. ఇక్కడ సముద్రం ఉండేది. కట్ట వేసి, నీళ్ళు తోడి ఈ నేల తేల్చిన కూలీల్లో మా తాతొకడు."

"మరి ఆయన పలకేదీ?"

సీట్సె గుడ్డ పిండుతూ ఆమె కాళ్ళకేసి చూశాడు.

"దాని మీదే నిలబడ్డావ్."