వాల్ట్జ్‌లో ఒక బీటు ముందు

స్కోరు, అంటే వాయించాల్సిన స్వరాలు, రాసే ప్రతి కాగితానికీ కుడివైపు పైమూలలో తేదీ వేస్తాను. దిద్దితే దిద్దిన తేదీ కూడా వేస్తాను. మా బ్యాండులో దీని మీద నవ్వుకుంటారు. కానీ ఏ మార్పు ముందు చేశాం, ఏది తర్వాత చేశాం అని గొడవ వస్తే అందరూ నా దగ్గరికే వస్తారు.

మాది ఈ చిన్న ద్వీప దేశంలోని చోవా చూ కాంగ్‌లో పేటవాళ్ళంతా కలిసి పెట్టుకున్న బ్యాండు. అన్నీ ఊదే వాద్యాలే, వెనక డ్రమ్ములు. వయొలిన్లు లేవు. పాత ఆపరెట్టాల పాటలను ఈ బ్యాండుకు సరిపడేలా తిరగరాయడం నా పని. ఆపరెట్టా అంటే మాటలూ పాటలూ కలిసిన సరదా నాటకం. మా నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. అందుకే ఆపరెట్టా మొదటిసారి చూసినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. వేషాలు వేరు, అంతే. అక్కడా కథ ఆపి పాడతారు, జనం చప్పట్లు కొట్టి మళ్ళీ పాడిస్తారు.

ఈ రాతలో కష్టమంతా ఊపిరితోనే. వయొలిన్ వాళ్ళు కమాను అటు తిప్పి ఇటు తిప్పి ఎంతసేపైనా లాగగలరు. అదే వరుస క్లారినెట్లకు ఇస్తే, ఊదేవాళ్ళు మనుషులు కాబట్టి ఆగాలి. అందుకని పక్కపక్కన కూర్చున్నవాళ్ళు ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ముందే మాట్లాడుకుంటారు. ఒకరు ఆగినప్పుడు రెండోవారు సాగిస్తారు. వినేవాళ్ళకు అతుకు తెలియదు. సోలో వాయించేవారికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

మా ఆయన సోలో వాయించేవారు. ఆయనది యుఫోనియం, ఒళ్ళో పెట్టుకుని ఊదే పెద్ద ఇత్తడి వాద్యం. మగవాళ్ళ గొంతులా మెత్తగా పలుకుతుంది. పిల్లలు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక నన్ను బ్యాండుకు తీసుకెళ్ళి క్లారినెట్ చేతికిచ్చిందీ ఆయనే. ఒక ఆపరెట్టాలోని పాత వియన్నా వాల్ట్జ్, మూడేసి బీట్ల నడకలో సాగే పాట, ఆయన సొత్తు. బ్యాండు బీరువాలో ఉన్న అచ్చు ప్రతిలో ఆ పాటంతా, మొదటినుంచి చివరిదాకా, యుఫోనియానికే రాసి ఉంది.

కిందటేడు ఆయనకు న్యుమోనియా వచ్చింది. తేరుకున్నారు, తిరిగి బ్యాండుకూ వచ్చారు. పుంగ్గోల్‌లో నీటి ఒడ్డున జరిగే కచేరీకి ఆ వాల్ట్జే పెట్టారు. మొదటి రిహార్సల్‌లో పాట సగంలో ఊపిరి చాలక ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అక్కడే ఆగారు.

చేతి ఊపుతో బ్యాండును నడిపే మా కండక్టర్ చిన్న వయసు చైనీస్ అమ్మాయి, ఇక్కడందరిలాగే మాట చివర ‘లా’ తగిలిస్తుంది. అందరూ వెళ్ళాక నన్ను పక్కకు పిలిచింది.

“ఆంటీ, సోలో ట్రంపెట్‌కి మార్చి రాసేద్దామా? అంకుల్‌కి చాలా కష్టం లా.”

“ఆ మాట ఆయనతో నువ్వు చెబుతావా?”

“నేనా? వద్దు వద్దు. మీ హస్బెండ్ కదా ఆంటీ.”

ట్రైన్‌లో ఇంటికి బయల్దేరి కూర్చోగానే మా ఆయనే అడిగారు.

“ఏమంటోందోయ్ మీ మేడమ్?”

“ట్రంపెట్‌కి ఇద్దామంటోంది.”

“నువ్వేమన్నావు?”

“చూస్తానన్నాను.”

“చూడు. కానీ నాకోసం స్వరాలు కోసి పొట్టి పాట మాత్రం రాయకు. దానికన్నా ట్రంపెట్‌కి ఇచ్చెయ్యి. నేను పొద్దున్నే కింద ఆ ముసలాళ్ళతో కలిసి తైచీ కసరత్తు చేసుకుంటాను.”

“తైచీకీ ఊపిరి కావాలండీ.”

“నోరు మూసుకుని చేసేదేగా. నీకూ హాయి.”

నవ్వుతూనే అన్నారు. కానీ ఆ వారమంతా యుఫోనియం పెట్టె తెరవలేదు. రోజూ టిఫిన్ కాగానే ఊదే మనిషి పేపరు ముందేసుకుని కూర్చుంటే ఇల్లు ఇల్లులా లేదు. ఒకసారి సోలో చేయి దాటితే ఆయన ఇక బ్యాండుకు రారని నాకు తెలుసు.

నేను లైబ్రరీకి వెళ్ళి ఆ ఆపరెట్టా అసలు స్కోరు తెచ్చాను. గాయకులు నేర్చుకోవడానికి వాడేది, పాట కింద మాటలు కూడా ఉంటాయి. తెరిచి చూస్తే అది ఒకరి పాట కాదు. మూడు బీట్లు ఒక బారు; మొదటి ఎనిమిది బార్లు నాయకుడివి. తర్వాతి ఎనిమిదీ నాయికవి. బ్యాండు ప్రతి రాసినవారెవరో ఇద్దరి పాటనూ ఒక్క యుఫోనియం నెత్తిన పెట్టారు. మా ఆయన ఊపిరి ఏడు బార్లకు నిక్కచ్చిగా సరిపోతుంది, బాగున్న రోజున ఎనిమిది. మళ్ళీ లెక్క చూసుకుని, తేదీ వేసి, కొత్త కాగితం మొదలుపెట్టాను.

నాయిక వంతు మొదటి క్లారినెట్‌కు రాశాను. నేను వాయించేది రెండో క్లారినెట్. తిరగరాసేవారు తమకు తాము సోలో రాసుకోవడం మర్యాద కాదు. కండక్టర్ కాగితం చూసి, “ఇది మీరే వాయించండి ఆంటీ. అంకుల్ ఎక్కడ ఆగుతారో మీకే తెలుస్తుంది,” అంది. మొదటి క్లారినెట్ అతను కూడా తల ఊపాడు. అప్పుడు ఒప్పుకున్నాను.

ఇంట్లో ఆయన ముందు రెండు స్కోర్లూ పెట్టాను.

“జాలిపడి రాశావా?”

“మీరే చూసుకోండి. నాయకుడికి ఎంతుందో మీకూ అంతే ఇచ్చాను. ఒక్క స్వరం తగ్గలేదు. తక్కినది ఆవిడది.”

కళ్ళజోడు పెట్టుకుని వేలితో బారు బారూ పోల్చుకున్నారు.

“అయితే ఇన్నేళ్ళూ ఆవిడ పాట కూడా నేనే పాడేశానన్నమాట.”

“అవును. ఆవిడ్ని నోరు తెరవనివ్వకుండా.”

మర్నాడు పెట్టె తెరిచారు.

కచేరీ రోజున నీటి మీద నుంచి గాలి బాగా వీచింది. కాగితాలు ఎగిరిపోకుండా బట్టల క్లిప్పులు పెట్టుకున్నాం. వాల్ట్జ్ మొదలైంది. ఆయన బాగా వాయించారు. నేను బార్లు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఏడో బారు దాటాక ఆయన స్వరం పలచబడింది, భుజాలు పైకి లేచాయి. నేను అందుకోవలసింది తొమ్మిదో బారు మొదటి బీటు మీద.

అప్పట్లో నాటకంలో నటుడు పద్యం చివర రాగం తీస్తూ ఊపిరికి ఆగే ముందే నాన్న హార్మోనియం ఆ స్వరం మీదికి చేరి ఉండేది. నటుడు ఆగాడని జనానికి తెలిసేది కాదు. ఇక్కడ మా ఆయన చివరి స్వరం, నా మొదటి స్వరం ఒకటే. ఎనిమిదో బారు చివరి బీటు మీదే అందుకున్నాను. బ్యాండులో చేరినప్పటి నుంచి నేను ముందుగా అందుకోవడం అదే మొదలు. కండక్టర్ చటుక్కున నా వైపు చూసింది, చేయి మాత్రం ఆపలేదు. ఆయన స్వరం నా స్వరం కిందికి సర్దుకుని ఆగింది. నేను నా ఎనిమిది బార్లూ వాయించాను.

తిరిగి వచ్చేటప్పుడు ట్రైన్‌లో యుఫోనియం పెట్టెకు ఒక సీటు దొరికింది, మాకు రెండు.

“ఒక బీటు ముందే దూకావు.”

“అవును.”

“లెక్కల మనిషివి. నువ్వేనా!”

“గాలి ఎక్కువగా ఉందండీ.”

“గాలికి బీటు కూడా కొట్టుకొస్తుందా?”

రెండు స్టేషన్లు దాటాక పెట్టె మీద చెయ్యి వేసి, “వచ్చేసారి కూడా అక్కడే అందుకో,” అన్నారు.

మర్నాడు పొద్దున స్కోరు తీసి, నా ప్రవేశాన్ని ఎనిమిదో బారు చివరి బీటుకు జరిపాను. క్లారినెట్ కాగితంలోనూ అలాగే మార్చి, రెండింటి మీదా తేదీ వేశాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని యుఫోనియం వాల్వులకు నూనె వేసుకుంటున్నారు.