ఆకులు మావి, కాయలు ఓనరమ్మవి

వనపర్తిలో మేం అద్దెకుంటున్న ఇంటి వాకిట్లో ఒక జామచెట్టుంది. దిగిన రోజే ఓనరమ్మ షరతు పెట్టింది: రాలిన ఆకులు ఊడ్చే పని మాది, కాయలు మాత్రం ఆమెవి. ఏడాదిగా ఊడుస్తూనే ఉన్నాను, ఒక్క కాయ ముట్టలేదు.

ఈ రోజు మధ్యాహ్నం కోతుల గుంపొచ్చి చెట్టు ఖాళీ చేసి పోయింది. సాయంత్రం సంచి పట్టుకొచ్చిన ఓనరమ్మ నా మీదికి లేచింది.

"ఏంది బిడ్డా, ఇంట్లనే ఉండి కోతులను కొట్టకపోతివి?"

"ఆకులు ఊడ్వమన్నవు గాని, కాయలకు కావలుండమని చెప్పలే గద పెద్దమ్మా!"

ఆమె కోతులు సగం కొరికి పడేసిన కాయలను చూపించింది.

"మరి గివన్ని ఎవరు ఊడ్వాలె?"

మీరే చెప్పండి, సగం కొరికిన కాయ ఆకుల లెక్కా, కాయల లెక్కా? తీర్పు వచ్చేదాకా నా చీపురు మూలనే ఉంటుంది.